ఎవరి ఊరు బెజవాడ?

సెలవులకు చుట్టాలు వస్తారు. హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో వచ్చిన పిల్లలు టిఫిన్లు అయ్యాక, "ఇక్కడ చూడ్డానికి ఏమున్నాయి మావయ్యా?" అని అడుగుతారు. ఇంటాయన కూర్చున్నచోటి నుంచే జవాబు చెబుతాడు. "ఏముందమ్మా ఇక్కడ! అమ్మవారి గుడి, బ్యారేజీ. ఈ ఎండలో ఎక్కడికని తిరుగుతారు, ఫ్యాను కింద కూచోండి." మా అపార్ట్‌మెంటులో ఈ మాట ఎన్ని గుమ్మాల్లో విన్నానో. ఆ గొంతులో విసుగూ ఉండదు, కోపమూ ఉండదు. ఉన్న సంగతే చెబుతున్నానన్న నమ్మకం ఉంటుంది. అదే మనిషిని సాయంత్రం మేడ మీద కూచోబెట్టి వాళ్ళ పల్లెటూరి సంగతి కదిపి చూడండి. చెరువుగట్టు మీది రావిచెట్టు, శ్రీరామనవమి పందిళ్ళు, బళ్ళో పంతులుగారు, ఎవరి చేను ఎవరి చేను పక్కన ఉందో, ఏ గాలివానకు ఏ చెట్టు పడిందో, గంటసేపు చెబుతాడు. ఆ ఊరు వదిలి వచ్చి ఒక తరం గడిచి ఉంటుంది. ఈ ఊళ్ళో ఇల్లు కొన్నాడు, పిల్లల్ని చదివించాడు, పెళ్ళిళ్ళు చేశాడు. దీని గురించి మాత్రం రెండు ముక్కలకు మించి రావు. ఎందుకు రావు? ఈ ప్రశ్న నన్ను చాలా కాలంగా వదలడం లేదు.

ఇంకో సంగతి కూడా గమనిస్తుంటాను. బెజవాడలో పుట్టి, బెజవాడలో పెరిగి, ఇక్కడి ఆసుపత్రిలోనే పిల్లల్ని కన్నవాళ్ళను "మీదే ఊరండీ?" అని అడిగితే గుడివాడ దగ్గరో, నందిగామ అవతలో, తెనాలి పక్కనో ఒక పల్లె పేరు చెబుతారు. తాతగారు ఎప్పుడో వదిలేసి వచ్చిన పల్లె. అక్కడి ఇల్లు కూలిపోయి ఉంటుంది. పొలం కౌలుకు ఇచ్చి ఉంటారు, లేదా పిల్లల ఫీజుల కోసం అమ్మేసి ఉంటారు. అయినా పెళ్ళి శుభలేఖ మీద ఆ పల్లె పేరే ముందు అచ్చవుతుంది. బెజవాడ కల్యాణమండపం చిరునామాలో మాత్రం కనిపిస్తుంది. పల్లె మీద ప్రేమ ఉండకూడదని నేను ఎందుకంటాను? ఆ ప్రేమ లేకపోతే మనుషులం ఇంకా ఎండిపోతాం. కాని మూడు తరాలకు అన్నం పెట్టిన చోటును సొంతమని చెప్పుకోవడానికి నోరు రాకపోవడం ఏమిటి? రెండు ఊళ్ళను ప్రేమించడానికి మనిషి గుండెలో చోటు చాలదా?

మా నాన్నదీ అదే వరస. మాది దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి వేల ప్రాణాలను మింగేసిన సీమ అది. ఆ తర్వాత ఉప్పునీరు తాగిన చేలను నమ్ముకుని ఉండలేక బెజవాడ బస్సెక్కిన కుటుంబాల్లో మాదొకటి. వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ కొట్లో నాన్న గుమాస్తాగా కుదిరారు. సత్యనారాయణపురంలో రెండు గదుల వాటా. అప్పట్లో రైలు పట్టాలు ఆ పేట మధ్యలోంచే పోయేవి, ఇప్పుడు అక్కడ వెడల్పాటి రోడ్డు ఉంది. కొట్టు కట్టేసి, లెక్కలు అప్పజెప్పి, రాత్రి ఏ పదింటికో సైకిలు మీద వచ్చేవారు. ఆ సైకిలు మీద ఆయన తిరగని వీధి లేదు. కాళేశ్వరరావు మార్కెట్లో ఏ గేటు దగ్గర ఏ సరుకు దిగుతుందో, ఏ లారీ ఆఫీసు ఏ ఊరికి బుకింగు చేస్తుందో, ఏ షావుకారు మాట మీద నిలబడతాడో ఆయనకు తెలిసినంతగా కార్పొరేషన్‌లో ఎవరికీ తెలిసి ఉండదు. అంత తెలిసిన మనిషి కూడా, "ఇది బతకడానికి వచ్చిన చోటు నాయనా. ఊరంటే మన ఊరే" అనేవారు. ఊళ్ళో రామాలయం మళ్ళీ కడుతున్నారంటే రూపాయి రూపాయి కూడబెట్టి పంపారు. ఆ గుడి గోడ మీద నల్లరాతి పలకలో ఇప్పటికీ ఆయన పేరుంది. జీవితమంతా గడిపిన బెజవాడలో ఆయన పేరున ఏమీ లేదు. అద్దె ఇల్లు కాబట్టి కరెంటు బిల్లు కూడా ఇంటివాళ్ళ పేరునే వచ్చేది. నేను ఆయన్ను తప్పుపట్టడం లేదు. ఉప్పెనలో పోయిన మనుషులు ఆయనకు ఆ ఊళ్ళోనే ఉన్నారు. వాళ్ళను వదిలి రావడం ఒంటికి మాత్రమే సాధ్యమైంది.

కాని అందరూ ఉప్పెనలోంచి వచ్చినవాళ్ళు కారు కదా. మిగతావాళ్ళ సంగతేమిటి అని ఆలోచిస్తే, ఒకటి తోస్తుంది. మన తెలుగువాళ్ళకు ఊరి గొప్పతనం అనగానే రాజు కావాలి, కోట కావాలి, కనీసం అధికారం కూర్చునే కుర్చీ కావాలి. రాజమండ్రికి రాజరాజనరేంద్రుడున్నాడు, ఓరుగల్లుకు కాకతీయులున్నారు, విజయనగరానికి గజపతులున్నారు. బెజవాడను ఏలుతూ కోటలో కూర్చున్న ప్రభువు కథ ఏదీ మా పిల్లల నోళ్ళలో లేదు. కోట చూడాలంటే కొండపల్లి వెళ్ళాలి. జిల్లా కలెక్టరు కూడా బందరులోనే ఉండేవాడు. లక్షల జనంతో ఇంత పెద్ద నగరం అయ్యాక కూడా, 2022 ఏప్రిల్‌లో ఎన్టీఆర్ జిల్లా ఏర్పడేదాకా బెజవాడ ఒక జిల్లాకు ముఖ్యపట్టణం కాలేదు. ఏది వచ్చినా వచ్చినట్టే వెళ్ళిపోయింది. ఆంధ్ర విశ్వకళా పరిషత్తు 1926లో పుట్టింది బెజవాడలోనే. నాలుగేళ్ళకే వాల్తేరు తరలింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు రాజధాని విజయవాడలో పెట్టమని గట్టిగా అడిగినవాళ్ళున్నారు. రాయలసీమకు మాటిచ్చిన శ్రీబాగ్ ఒడంబడికను తీసి చూపించి రాజధాని కర్నూలుకు, హైకోర్టు గుంటూరుకు ఇచ్చారు. మూడేళ్ళకు అందరూ కలిసి హైదరాబాదు వెళ్ళారు. రాష్ట్రం విడిపోయాక, 2016లో ప్రభుత్వ కార్యాలయాలు ఇటు వచ్చినప్పుడు అద్దెలు పెరిగాయి, ఆశలు పెరిగాయి. ఆ ఉద్యోగుల్లో చాలామంది శుక్రవారం సాయంత్రం హైదరాబాదు రైలెక్కేవాళ్ళు, సోమవారం పొద్దున దిగేవాళ్ళు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చేసరికి కొన్నవాళ్ళు కొన్న స్థలాల ముందు తెల్లబోయి నిలబడ్డారు. ఎన్నోసార్లు విస్తరి వేసి వడ్డించకుండా లేపేస్తే ఎవరికి మాత్రం ఊరి మీద ధీమా నిలుస్తుంది?

అయితే బందరును చూడండి. 1611లో ఇంగ్లీషువాళ్ళు వచ్చి వర్తకం మొదలుపెట్టిన రేవు అది. డచ్చివాళ్ళు, ఫ్రెంచివాళ్ళు తిరిగిన వీధులు అవి. 1864 నవంబరు ఉప్పెన దాన్ని సగం చంపింది. రైళ్ళూ కాలవలూ బెజవాడను పెంచుతుంటే బందరు వర్తకం మెల్లగా ఇటు నడిచి వచ్చింది. ఇంత పోగొట్టుకున్న బందరు మనిషి ఇప్పటికీ "మా బందరు" అని ఛాతీ నిండా గాలి పీల్చుకుని అంటాడు. ఆ వర్తకాన్ని పొందిన బెజవాడ మనిషి అనడు. నదికి అవతల, గంట ప్రయాణం దూరంలో ఉన్న తెనాలి వాళ్ళు తమ ఊరిని ఆంధ్రా ప్యారిస్ అనుకుంటారు, నాటకాల పేర్లూ నటుల పేర్లూ వరసగా చెబుతారు. రాజమండ్రి మనిషితో కాసేపు మాట్లాడితే చాలు, గోదావరి మాటల్లోకి వచ్చేస్తుంది. వాళ్ళు కాటన్ దొర విగ్రహానికి దండలేస్తారు. మా కృష్ణ మీద ఆనకట్ట కట్టించిన కెప్టెన్ ఆర్ పేరు బెజవాడలో ఎంతమందికి తెలుసు? ఆయన పేరున ఒక కొండ ఉండేది. దాన్ని గాంధీ కొండ చేశాం. మంచిదే. 1968లో జాకీర్ హుస్సేన్ వచ్చి ఆవిష్కరించిన యాభై రెండు అడుగుల గాంధీ స్తూపం అక్కడుంది. స్టేషను అవతలే ఉన్న ఆ కొండెక్కని బెజవాడ పెద్దలు నాకు చాలామంది తెలుసు.

రైలు సంగతి వచ్చింది కాబట్టి చెప్పాలి. 1889లో నైజాం రైలు మార్గం బెజవాడకు చేరింది. 1893లో కృష్ణ మీద రైలు వంతెన వచ్చింది, 1899 నాటికి మద్రాసు దారి కలిసింది. అప్పటినుంచి ఉత్తరానికీ దక్షిణానికీ పోయే జనమంతా ఈ ఊరి మీదుగానే పోతున్నారు. దేశంలో ఎంతమందో బెజవాడ ప్లాట్‌ఫారం మీద టీ తాగారు, ఇడ్లీ పొట్లం కొనుక్కున్నారు, నీళ్ళు పట్టుకుని మళ్ళీ ఎక్కారు. ఊరు చూడలేదు. ఇంటర్మీడియట్ చదువుల కోసం రాయలసీమ నుంచీ ఉత్తరాంధ్ర నుంచీ వేల మంది పిల్లలు వస్తారు. పోరంకిలోనో కానూరులోనో గొల్లపూడిలోనో హాస్టలు గోడల మధ్య రెండేళ్ళు గడిపి, కృష్ణ ఎటు పారుతుందో కూడా చూడకుండా వెళ్ళిపోతారు. వాళ్ళకు బెజవాడ అంటే తెల్లవారుజాము స్టడీ అవరు, వారానికో ర్యాంకుల పట్టిక. ఇంతమంది దిగిపోయేవాళ్ళ మధ్య ఉండేవాళ్ళకు కూడా తామూ దిగిపోయేవాళ్ళమే అనిపిస్తుందేమో. ఇక్కడి పిల్లలు కూడా డిగ్రీ చేతికి రాగానే హైదరాబాదుకో, డల్లాసుకో వెళ్ళడం మామూలైంది. వెళ్ళినవాడు తెలివైనవాడు, ఉండిపోయినవాడు ఏదో తేడా చేసుకున్నవాడు అనే లెక్క ఇళ్ళల్లో పడిపోయింది. నాకు బాధ కలిగించేది ఆ లెక్కే.

బయటివాళ్ళు వేసిన ముద్రలు కూడా ఉన్నాయి. మొదటిది ఎండ. ఈ ఊరిని బ్లేజ్‌వాడ అన్నది కట్టమంచి రామలింగారెడ్డిగారని చెప్పుకుంటారు. చుట్టూ కొండలు, పగలంతా కాగిన ఆ రాళ్ళు రాత్రి కూడా వేడి కక్కుతుంటాయి. మే నెలలో డాబా మీద నీళ్ళు చల్లి పక్కలు వేసుకున్నవాళ్ళం, కాదనలేం. రెండోది రౌడీయిజం. 1988 డిసెంబరులో నిరాహారదీక్షలో ఉన్న ఒక శాసనసభ్యుణ్ణి చంపారు. ఆ తర్వాత ఊరు తగలబడింది, రోజుల తరబడి కర్ఫ్యూ. కాలేజీ గొడవలు, వర్గాల పగలు, యూనియన్ల పోట్లాటలు అన్నీ నిజమే. సినిమా వాళ్ళకు అవి దొరికాయి. అక్కడినుంచి బెజవాడ పేరు చెబితే తెర మీద కత్తి కనిపించాలి. వేరే ఊరు వెళ్ళి బెజవాడ అని చెబితే, "అమ్మో, బెజవాడా!" అని ఎదుటివాళ్ళు ఒకలా చూస్తారు. మన కుర్రాళ్ళు కొందరు ఆ చూపుకే మురిసిపోయి అదే మన ఘనత అనుకున్నారు. ఇంత పెద్ద ఊరికి ఒక కత్తిని కీర్తిగా తగిలించుకోవడం కంటే ఏమీ లేదని తల వంచుకోవడమే నయం.

అసలు ఊరి మీద గర్వం ఉండి తీరాలా అని కూడా అనుకుంటుంటాను. గర్వం పెరిగిన చోట వచ్చినవాళ్ళను "మీరెక్కడివాళ్ళు" అని వేరుగా చూడడం మొదలవుతుంది. బెజవాడ ఎప్పుడూ ఆ ప్రశ్న వేయలేదు. మార్వాడీలు వచ్చారు, గుజరాతీలు వచ్చారు, శ్రీకాకుళం నుంచి తాపీ పనివాళ్ళు వచ్చారు, పాలమూరు నుంచి మట్టి పనివాళ్ళు వచ్చారు. ఆటోనగర్‌లో నడిచి చూడండి. లారీ ఛాసిస్ మీద బాడీ కట్టేవాళ్ళు, స్ప్రింగు పట్టీలు సాగగొట్టేవాళ్ళు, రేడియేటరుకు మాట్లు వేసేవాళ్ళు, సీటు కవర్లు కుట్టేవాళ్ళు. ఒక్కొక్కరిదీ ఒక్కొక్క జిల్లా, ఒక్కొక్క మతం. పని వచ్చా రాదా అన్నదొక్కటే అక్కడ ప్రశ్న. ఏ దేశపు లారీ తెచ్చినా విప్పి మళ్ళీ బిగించగల చేతులున్నాయి అక్కడ. బడికి వెళ్ళని పిల్లవాడు ఇరవై ఏళ్ళకు మేస్త్రీ అయ్యాడు, షెడ్డు పెట్టాడు, పదిమందికి పని చూపించాడు. ఎవరిదీ కానందుకే అందరికీ చోటిచ్చింది ఈ ఊరు. రాజు లేకుండా, కలెక్టరు లేకుండా, కూలీలూ వర్తకులూ రైల్వే పనివాళ్ళూ చేతులతో కట్టుకున్న నగరం ఇది. అది తక్కువ సంగతా? ఇది గొప్ప సంగతని మనం మన పిల్లలకు ఎప్పుడైనా చెప్పామా?

చెప్పకపోతే పోయేదేముంది అని ఎవరైనా అడిగితే కాలవ గట్టుకు తీసుకెళ్తాను. బెజవాడలో కృష్ణ నుంచి మూడు కాలవలు బయలుదేరతాయి. ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ. 1855లో ఆనకట్ట పూర్తయ్యాక తూర్పు డెల్టాకు అన్నం వెళ్ళింది ఈ మూడు దారుల్లోనే. అంతకు ముందు 1832–33లో డొక్కల కరువులో ఈ నది పక్కనే మనుషులు తిండిలేక చచ్చిపోయారు. 1957లో పాత ఆనకట్ట స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. దాని డెబ్భై గేట్ల మీదుగా రోజూ స్కూటర్లు పరిగెడతాయి. పడవలు, లాంచీలు ఈ కాలవల మీదే ఏలూరు వెళ్ళేవి, గోదావరి దాకా వెళ్ళేవి. మేడ మీద కూర్చుని మనం గంటసేపు చెప్పుకునే ఆ పల్లె చెరువు నిండేది, ఆ చేను పచ్చబడేది ఇక్కడినుంచి వెళ్ళే నీళ్ళతోనే కదా. ఆ నీళ్ళు పల్లెకు చేరాక కళ్ళకద్దుకుంటారు. బయలుదేరే చోట మాత్రం చెత్త సంచులు విసురుతారు. గట్టు వెంట ఇళ్ళన్నీ కాలవకు వీపు పెట్టి నిలబడ్డాయి. పెరటి గొట్టాలు నీళ్ళలోకి దిగి ఉంటాయి. కారు ఆపి, అద్దం దించి, వాడిన పూలదండలను ప్లాస్టిక్ కవరుతో సహా కాలవలో పడేసి, దణ్ణం పెట్టుకుని వెళ్ళే పెద్దమనిషిని చూశాను. ఆయన తన స్వగ్రామంలో చెరువు గట్టు మీద ఆ పని చేస్తాడా? చేయడు. ఎవరో ఒకరు "ఏం బాబాయ్, ఇదేం పని" అంటారు. ఇక్కడ అనేవాళ్ళు లేరు, ఎందుకంటే ఎవరికీ ఇది తమ ఊరు కాదు. సత్రంలో దిగినవాడు గోడకు సున్నం వేయించడు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు గండ్లు పడి ఊరి మీదికి వచ్చింది. సింగ్‌నగర్, పాయకాపురం, ఆ చుట్టుపక్కల పేటలన్నీ మునిగిపోయాయి. అంతకు ముందురోజే మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ళ మీద పడి ప్రాణాలు పోయాయి. గండ్లు పడిన మర్నాడు బ్యారేజీ దగ్గర వరద పదకొండు లక్షల నలభై మూడు వేల క్యూసెక్కులు దాటింది. బ్యారేజీ కట్టాక అంత నీరు ఎప్పుడూ రాలేదు. ఆ వారం ఊరు రెండుగా కనిపించింది నాకు. సొంత పల్లెలో ఇల్లో చుట్టాలో ఉన్నవాళ్ళు వీలు దొరకగానే వెళ్ళిపోయారు. వెళ్ళడం సహజమే. పసిపిల్లలూ ముసలివాళ్ళూ ఉన్నారు. నీళ్ళు తీశాక సింగ్‌నగర్‌లో బియ్యం, దుప్పట్లు పంచడానికి నేనూ వెళ్ళాను. ఒక వీధి మొదట్లో ఇస్త్రీ బండి బోర్లా పడి ఉంది. దాని యజమానురాలు చీపురుతో గుమ్మంలోంచి బురద నెడుతోంది. "ఊరెళ్ళలేదా అమ్మా?" అన్నాను. ఆమె చీపురు ఆపి నా మొహంలోకి చూసింది. "ఏ ఊరండీ? మాకు ఊరేముంది? ఇదే మా ఊరు" అంది. మళ్ళీ బురద నెట్టడం మొదలుపెట్టింది. పక్కింటివాళ్ళ గుమ్మం కూడా ఆమే కడిగింది, వాళ్ళు ఇంకా తిరిగి రాలేదని. నేను వెతుకుతున్న మాట అంత మామూలుగా, అంత అలసటగా వినిపిస్తుందని ఎన్నడూ అనుకోలేదు. బెజవాడ నాది అన్నవాళ్ళు ఉన్నారు. కొండల మీద వందల మెట్లెక్కి నీళ్ళ బిందెలు మోసేవాళ్ళు, కృష్ణలంకలో ప్రతి వరదకూ సామాను అటక మీదికి ఎక్కించేవాళ్ళు, చిట్టినగర్ సందుల్లో మూడు తరాలుగా బతికేవాళ్ళు. వాళ్ళకు రెండో ఊరు లేదు. ఊరంటే విసుగు లేనిదీ వాళ్ళకే. అన్నీ అమర్చుకున్న మనకే ఇది చాలడం లేదు.

ఆ మధ్య శాసనాల పుస్తకం తిరగేస్తూ యుద్ధమల్లుడి బెజవాడ శాసనం దగ్గర ఆగాను. ఇంద్రకీలాద్రి మీద మల్లేశ్వరస్వామి గుడి దగ్గర దొరికింది. తొమ్మిదో శతాబ్ది చివరిదా పదో శతాబ్దిదా అని పండితులు వాదించుకున్నారు. ఏదైనా నన్నయకు ముందుది. మధ్యాక్కర ఛందస్సులో, తెలుగులో, రాతి మీద చెక్కిన పద్యాలు. మన భాషలో దొరికిన తొలి పద్యాల్లో ఇవి చేరతాయి, దొరికింది మన కొండ మీద. అందులో ఒక ముచ్చట ఉంది. చేబ్రోలు కుమారస్వామి జాతరకని బెజవాడ వచ్చాడట. వచ్చినవాడు మరోచోట ఉండడానికి మనసొప్పక, ఇష్టపడి ఇక్కడే ఉండిపోయాడట. అది చదివి పుస్తకం మూయలేకపోయాను. వెయ్యేళ్ళ కిందట కూడా ఇది వచ్చిపోయే జనం ఊరే. కాని అప్పటి కవి, వచ్చిన దేవుడికి ఈ ఊరు నచ్చి ఉండిపోయాడని నమ్మాడు, అది రాతి మీద చెక్కదగ్గ మాట అనుకున్నాడు. తర్వాత ఎన్నో వందల ఏళ్ళకు అదే బెజవాడలో కాపురమున్న విశ్వనాథ సత్యనారాయణ, అదే ఛందస్సు పట్టుకుని మధ్యాక్కరలు రాశారు. ఆ పుస్తకానికి 1962లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. ఈ రెండు సంగతులనూ కలిపి ఒక బోర్డు మీద రాసి కొండ కింద పెడితే, మెట్లెక్కే పిల్లవాడు ఒక్క క్షణమైనా ఆగి చదవడా?

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. బందరు రోడ్డులో, 1887లో విక్టోరియా రాణి స్వర్ణోత్సవానికి మొదలుపెట్టిన భవనం ఉంది, ఇప్పుడు బాపు మ్యూజియం. 1921లో అఖిల భారత కాంగ్రెసు కమిటీ బెజవాడలో సమావేశమైంది. పింగళి వెంకయ్యగారు జెండా నమూనా గాంధీగారికి చూపించింది అప్పుడే. ఈ దేశపు జెండా కథ మన వీధిలో మొదలైంది. 1914లో దేశంలోనే మొదటిదైన గ్రంథాలయ సంఘాన్ని అయ్యంకి వెంకటరమణయ్యగారు ఇక్కడి రామమోహన గ్రంథాలయంలో మొదలుపెట్టించారు. 1948 డిసెంబరులో రేడియో కేంద్రం వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీగారి రామాయణ భారతాలు మొదలైతే మా పేటలో ఏ ఇంటి ముందు నడిచినా ఆ గొంతే వినిపించేది. మా నాన్న అన్నం ముందు కూర్చుని కలపడం మరిచిపోయేవారు. పత్రికలు, ప్రచురణాలయాలు, లెనిన్ సెంటరులో పాత పుస్తకాల కొట్లు, ఏటా జనవరిలో పుస్తకాల పండగ. ఒక తరం తెలుగు పాఠకులు చదివినదాంట్లో ఎంత భాగం ఈ ఊళ్ళో అచ్చయిందో లెక్కపెట్టడం కష్టం. ఏముందమ్మా ఇక్కడ అన్న ఆ ఇంటాయన వీటిలో చాలావాటి ముందు నుంచి రోజూ స్కూటరు మీద వెళ్తాడు.

చరిత్ర తెలిసినంత మాత్రాన ప్రేమ పుడుతుందా అనే అనుమానం నాకూ ఉంది. బందరు మనిషికి తెలుసు, అయినా బందరు కోసం ఏం చేశాడని అడగొచ్చు. గొప్పలు చెప్పుకోవడం కూడా పని తప్పించుకునే ఒక తీరే కావచ్చు. అందుకే గర్వం అన్నదాన్ని మాటల్లో వెతకడం మానేశాను. మా నాన్న పల్లె మీద ఎప్పుడూ గొప్పలు చెప్పలేదు, చందా పంపారు. ఇస్త్రీ బండి అమ్మ సింగ్‌నగర్ గొప్పదని ఎక్కడా అనలేదు, పక్కవాళ్ళ గుమ్మం కడిగింది. ఊరు మనదని తెలిసేది ఖర్చు పెట్టినప్పుడూ, చాకిరీ చేసినప్పుడూ. అది చేయకుండా ఊరికి ఏం లేదని పెదవి విరవడం అన్యాయం. నా తరం వాళ్ళం ఆ అన్యాయం చాలా కాలంగా చేస్తూ వస్తున్నాం.

బెజవాడలో సంపాదించి, బెజవాడలో ఇల్లు కట్టుకున్న అన్నలకూ అక్కలకూ ఒక మనవి. మీ ఊరి గుడికీ బడికీ చందా ఇవ్వండి, ఇస్తూనే ఉండండి. ఈ ఏడు అంతే మొత్తం ఇక్కడ కూడా ఒకచోట ఇవ్వండి. గవర్నర్‌పేటలో గ్రంథాలయాలున్నాయి, కొత్త పుస్తకాలు కావాలి. కాలవ గట్ల మీద చెట్లు లేని జాగా మైళ్ళ కొద్దీ ఉంది. సింగ్‌నగర్ మునిసిపల్ బళ్ళలో పుస్తకాలు వరదకు పాడయ్యాయి. దసరాకు చుట్టాలొస్తే పిల్లల్ని గాంధీ కొండెక్కించండి, మూడు కాలవలు ఎటెటు వెళ్తున్నాయో చూపించండి. మీ అమ్మాయి పెళ్ళి శుభలేఖ మీద మీ స్వగ్రామం పేరు పక్కన విజయవాడ పేరు కూడా అచ్చు వేయించండి.